మొదటిసారి మిషన్ ట్రిప్‌లో ఇంగ్లిష్ చెప్పబోతున్నారా? ముందు మీరు మాట్లాడటం తగ్గించాలి

వందనాలు సిస్టర్.

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ చర్చి సంఘం నుంచి ఎనిమిది మంది రెండు వారాలకు వేరే దేశం వెళ్తున్నారు. అక్కడి సంఘం వాళ్లు రోజూ సాయంత్రం గంటన్నర ఇంగ్లిష్ క్లాసు పెట్టమన్నారు. టీమ్‌లో ఇంగ్లిష్ బాగా వచ్చేది మీకే కాబట్టి ఆ పని మీ నెత్తిన పడింది. మీరు చేసేది అకౌంట్స్ ఉద్యోగం. విబిఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ స్కూల్లో) చెప్పిన అనుభవం తప్ప ఇంకేమీ లేదు. సర్టిఫికెట్ లేకుండా చెప్పొచ్చా, గ్రామర్ ఎక్కడ మొదలుపెట్టాలి, నా యాక్సెంట్ ఇండియన్ కదా, క్లాసులో దేవుని వాక్యం ఎప్పుడు చెప్పాలి అని నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికీ వస్తాను. కానీ మీరు అడగని ఐదోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే నేను బోల్తా పడింది అక్కడే.

పన్నెండేళ్లుగా ఇలాంటి ట్రిప్పులకు వెళ్తున్నాను. దేశాల పేర్లు రాయడం లేదు, అక్కడున్న విశ్వాసులకు ఇబ్బంది. మొదటిసారి వెళ్లినప్పుడు ముందు రాత్రి రెండింటి దాకా కూర్చుని పన్నెండు టెన్స్‌లూ ఒక పెద్ద చార్టు మీద గీశాను. మర్నాడు ఇరవై మందికి పైగా పెద్దవాళ్లు వచ్చారు. నలభై ఐదు నిమిషాలు ఏకధాటిగా చెప్పాను. మధ్యమధ్యలో "అండర్‌స్టాండ్?" అని అడిగితే అందరూ ఒకే గొంతుతో "యస్ టీచర్" అన్నారు. నాకు భలే ఉత్సాహం వచ్చింది. చివర్లో ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన వైపు చూశాను. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒళ్లో నోట్‌బుక్. బోర్డు మీద ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకున్నాడు. "వేర్ డు యు లివ్?" అని అడిగాను. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా "యస్ టీచర్" అన్నాడు.

ఆ క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడింది నేనొక్కడినే. నా ఇంగ్లిష్‌కి మాత్రం మంచి ప్రాక్టీస్ అయింది.

ఇది మనకు కొత్తేమీ కాదు. స్కూల్లో యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్, డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అన్నీ మార్చి మార్చి రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఎవరైనా ఎదురుగా వచ్చి ఇంగ్లిష్‌లో దారి అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. మనం ఎలా నేర్చుకున్నామో అలాగే వేరే దేశం వెళ్లి వాళ్లకూ నేర్పేస్తాం, తెలియకుండానే. కాబట్టి మీరు అడగని ఐదో ప్రశ్న ఇది: గంటన్నర క్లాసులో నేను మాట్లాడేది ఎంతసేపు? నా లెక్కలో ఇరవై నిమిషాలు దాటకూడదు. మిగతా టైమంతా వాళ్ల నోళ్లు కదలాలి, అదీ మీతో కాదు, ఒకళ్లతో ఒకళ్లు. ఇరవై మంది ఒక్కొక్కరుగా మీకు జవాబు చెప్తే ఒక్కొక్కరి వాటాకి మూడు నాలుగు నిమిషాలకు మించి రావు. అదే పది జంటలు ఒకేసారి మాట్లాడుకుంటే గది సంతలా ఉంటుంది గానీ అందరికీ బోలెడంత ప్రాక్టీస్ దొరుకుతుంది. ఆ గోలకు భయపడకండి.

మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో క్లాసులో నిలబడితే తెలుస్తుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో సైన్స్ క్లాసుల టేపులు విని ఒక విషయం గమనించారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, అంతే. జవాబు రాకపోతే ప్రశ్న మార్చేస్తారు, లేదా ఇంకొకర్ని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబుల పొడవు పెరిగింది, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా ఎత్తారు. అది తమకు వచ్చిన భాషలో సైన్స్ చెప్పుకునే క్లాసు. పరాయి భాషలో ముందు ప్రశ్న అర్థం కావాలి, తర్వాత జవాబు సొంత భాషలో తట్టాలి, అది ఇంగ్లిష్‌లోకి మారాలి, ఆ పైన నలుగురిలో చెప్పే ధైర్యం రావాలి. నేను మనసులో నెమ్మదిగా ఏడు వరకు లెక్కపెట్టుకుంటాను. మొదట్లో నాలుగు దగ్గరే చెమటలు పట్టేవి.

ఇక మీ ప్రశ్నలు. సర్టిఫికెట్ గురించి రెండు ముక్కలే. రెండు వారాల స్వచ్ఛంద సేవకు అక్కర్లేదు, అక్కడి చట్టం అడిగితే తప్ప. ముందు ముందు ఏడాది రెండేళ్లు వెళ్లి ఉండాలనుకుంటే మాత్రం కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా (ఇంగ్లిష్ టీచర్లకు ఇచ్చే శిక్షణ కోర్సు) లాంటిది చేయండి. అందులో 120 గంటల కోర్సులో భాగంగానే ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి చెప్పాలి, వెనక ట్యూటర్ కూర్చుని చూస్తారు. అసలు విలువ ఆ ఆరు గంటలదే. ఆన్‌లైన్‌లో వారాంతంలో వచ్చే సర్టిఫికెట్లలో చాలావాటికి అది ఉండదు.

రెండు వారాల్లో ఏం సాధ్యమో కూడా ముందే తెలుసుకుంటే మీకు టెన్షన్ తగ్గుతుంది. యూరప్ వాళ్లు 2001లో భాషా స్థాయిలను ఏ1 నుంచి సీ2 వరకు ఆరుగా విడగొట్టారు. రోజువారీ చిన్న చిన్న పనులు ఇంగ్లిష్‌లో చేసుకోగలిగే ఏ2 స్థాయికి రావాలంటే మొదటి నుంచి సుమారు 180 నుంచి 200 గంటల క్లాసు కావాలని కేంబ్రిడ్జ్ అంచనా. మీకున్నది పది రోజులు, రోజుకు గంటన్నర, అంటే పదిహేను గంటలు. "ఇంగ్లిష్ నేర్పడం" అనే మాట పక్కన పెట్టేయండి. పదిహేను గంటల్లో ఆరేడు పరిస్థితుల్లో నోరు తెరిచే ధైర్యం ఇవ్వగలరు. ఫోన్ ఎత్తడం, దారి చెప్పడం, ఒంట్లో బాగోలేదని చెప్పుకోవడం, తన పని గురించి రెండు నిమిషాలు మాట్లాడటం లాంటివి.

ఆ ఆరేడు ఏవో మీరు ఇక్కడ కూర్చుని నిర్ణయించకండి. ఇప్పుడే అక్కడి వాళ్లకు మెయిల్ పెట్టండి. ఎంతమంది వస్తారు, వయసులేంటి? వాళ్లకు ఇంగ్లిష్ దేనికి కావాలి, అంటే ఉద్యోగానికా, పరీక్షకా, పైచదువుకా, ఊరికే ఆసక్తా? ఇంగ్లిష్ అక్షరాలు చదవగలరా? (ఇది అడగడం మర్చిపోతారు. సొంత లిపిలో చకచకా చదివే మనిషి ఇంగ్లిష్ అక్షరాల దగ్గర ఒకటో తరగతి పిల్లాడిలా తడబడొచ్చు.) గదిలో బెంచీలు కదులుతాయా? కరెంటు ఉంటుందా? మీరు వచ్చేశాక ఆ క్లాసు ఎవరు చెప్తారు? ఈ చివరి ప్రశ్నకు "ఎవరూ లేరు" అని జవాబొస్తే దాని సంగతి కింద చెప్తాను.

గ్రామర్ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. గ్రామర్‌తో మొదలుపెట్టొద్దు, పనితో మొదలుపెట్టండి. గ్రామర్ దాని వెనకే వస్తుంది. ఒక క్లాసు మొదటి నుంచి చివరి దాకా రాస్తాను, మీకు నచ్చితే ఇదే వాడుకోండి. పని: డాక్టర్‌కి బాధ చెప్పుకోవడం.

మీరు లోపలికి వస్తూనే తల పట్టుకోండి. మాట్లాడొద్దు. ఎవరో ఒకరు "హెడ్" అంటారు, ఇంకెవరో "పెయిన్" అంటారు. వాళ్ల దగ్గర ఉన్నది ముందు బయటికి రానివ్వండి, మనం నింపాల్సింది ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత "మై హెడ్ హర్ట్స్" అని మీరు రెండుసార్లు అనండి. బోర్డు మీద ఇంకా రాయొద్దు. ముందు చెవికి, తర్వాత నోటికి, ఆ తర్వాతే కంటికి. రాసి చూపిస్తే అక్షరాలను పట్టుకుని పలుకుతారు, మాట చెడిపోతుంది. అందరితో కలిపి రెండుసార్లు, వరసల వారీగా ఒకసారి, ఆపైన అక్కడొకరు ఇక్కడొకరు. మెడ, భుజం, మోకాలు, కడుపు మార్చుకుంటూ పోండి. క్లాసుకి కొత్త మాటలు ఎనిమిది మించొద్దు.

వాక్యం పొడవైతే చివరి నుంచి కట్టుకుంటూ రావాలి. "మై షోల్డర్ హర్ట్స్ వెన్ ఐ లిఫ్ట్ మై ఆర్మ్" అని ఒక్కసారి చెప్పమంటే మధ్యలోనే ఊపిరి అయిపోతుంది. ముందు "మై ఆర్మ్". తర్వాత "లిఫ్ట్ మై ఆర్మ్". తర్వాత "వెన్ ఐ లిఫ్ట్ మై ఆర్మ్". అప్పుడు మొత్తం. ఎప్పుడూ తెలిసిన ముక్క వైపే వెళ్తున్నారు కాబట్టి గొంతు తడబడదు, వాక్యం రాగం కూడా చెడదు. మొదటిసారి చేసినప్పుడు ఇదేదో గారడీలా అనిపించింది నాకు.

ఇప్పుడు "ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే". ఇక్కడ "అర్థమైందా?" అని అడిగితే మళ్లీ "యస్ టీచర్" వస్తుంది, మీరేమీ తెలుసుకోలేరు. బదులుగా చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. ఇప్పుడు జ్వరం ఉందా? ఉంది. ఎప్పుడు మొదలైంది? సోమవారం. ఆదివారం ఉందా? లేదు. ఈ మూడూ సరిగ్గా చెప్పారంటే అర్థమైనట్టే, దాని పేరు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని వాళ్లకు తెలియకపోయినా ఫర్వాలేదు. మనకు పేరు తెలుసు, అయినా "ఐ యామ్ హావింగ్ ఫీవర్ ఫ్రమ్ మండే" అంటూనే ఉంటాం, ఎందుకంటే లోపల ఆడుతున్నది "సోమవారం నుంచి జ్వరం" అనే తెలుగు.

తర్వాత అరగంట వాళ్లది. సగం మంది డాక్టర్లు, సగం మంది పేషెంట్లు. పేషెంటుకి ఒక చీటీ ఇవ్వండి: మోకాలు, మూడు రోజులు, మెట్లు ఎక్కితే నొప్పి. డాక్టర్ దగ్గర ఖాళీ కాగితం: పేరు, ఎక్కడ, ఎప్పటినుంచి. చీటీ చూపించకూడదు, నోటితో అడిగి రాసుకోవాలి. ఒకరికి తెలిసింది రెండో వాళ్లకు తెలియకపోతేనే మాటకు అవసరం పుడుతుంది. ఇద్దరికీ ఒకే డైలాగు కాగితం ఇచ్చి చదవమంటే అది చదవడమే అవుతుంది, మాట్లాడటం కాదు. ఆట ఎలా ఆడాలో నోటితో వివరించడానికి ప్రయత్నించకండి. ఒకర్ని ముందుకు పిలిచి, మీరు డాక్టర్‌గా కూర్చుని ఆడి చూపించండి. నా క్లాసులు చెడిపోయిన సందర్భాల్లో సగం, ఆట కష్టమై కాదు, నా వివరణ అర్థం కాక.

వాళ్లు మాట్లాడుతుంటే మీరు చిన్న పుస్తకం పట్టుకుని గదిలో తిరగండి. జోక్యం చేసుకోవద్దు. చెవిన పడ్డ తప్పులు రాసుకోండి, బాగా చెప్పినవి కూడా. చివరి పది నిమిషాల్లో నాలుగు వాక్యాలు బోర్డు మీద పెట్టండి, రెండు సరైనవి, రెండు తప్పువి, ఎవరు అన్నారో చెప్పకుండా. ఏవి తప్పో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

తప్పులు దిద్దడం గురించి ఒక చేదు జ్ఞాపకం ఉంది. రెండో ట్రిప్‌లో మా వ్యాను డ్రైవర్ క్లాసుకి వచ్చేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, టూరిస్టులతో రెండు మాటలు మాట్లాడటం. మొదటిరోజు లేచి, ముఖం వెలిగిపోతుండగా, "ఐ వెయిట్ యు హియర్" అన్నాడు. నేను "వెయిట్ ఫర్ యు" అన్నాను. ఆయన మళ్లీ "వెయిట్ యు". నేను మళ్లీ "ఫర్". ఆరేడుసార్లు సాగింది, పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు, ఆయన కూర్చున్నాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వ్యాను మాత్రం రోజూ టైముకి తెచ్చేవాడు, నన్ను చూసి తలాడించేవాడు, నోరు తెరవలేదు. ఆయన చెప్పింది నాకు నూటికి నూరుపాళ్లు అర్థమైంది కదా, మరి నేను దిద్దింది ఎవరి కోసం? అప్పటినుంచి ఒక గీత గీసుకున్నాను. ఎదుటివాళ్లకు అర్థం మారిపోయే తప్పయితే వెంటనే ఆపుతాను. ఆరోజు పాఠంలో చెప్పిన దాంట్లో తప్పయితే చివర్లో బోర్డు మీద పెడతాను. మిగతావి వదిలేస్తాను.

మీ యాక్సెంట్ గురించి. అదేమీ అడ్డంకి కాదు. అక్కడ వాళ్లు రేపు ఇంగ్లిష్ మాట్లాడబోయేది ఎక్కువగా మనలాగే దాన్ని నేర్చుకున్నవాళ్లతోనే. పైగా మీరు ఈ భాషను కష్టపడి నేర్చుకున్నారు, ఎక్కడ కాలు జారుతుందో మీకు తెలుసు. పుట్టుకతో వచ్చినవాళ్లకు అది తెలియదు. జాగ్రత్త పడాల్సింది యాక్సెంట్ దగ్గర కాదు, మనకు మాత్రమే తెలిసిన ఇంగ్లిష్ దగ్గర. నేను ప్రతి పాఠం చివర "ఎనీ డౌట్స్?" అనేవాణ్ని. ఒక క్లాసులో కాస్త ఇంగ్లిష్ వచ్చిన అమ్మాయి, "నో టీచర్, వి బిలీవ్ యు" అంది. మన దగ్గర డౌట్ అంటే ప్రశ్న, బయట డౌట్ అంటే అనుమానం. ప్రతి పూటా నన్ను అనుమానిస్తున్నారా అని అడిగానన్నమాట. "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్" అంటే చెడ్డ పేరు కూడా ఉందా అనుకుంటారు. "పాస్డ్ అవుట్ ఇన్ 2015" అంటే ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయారని అర్థం. అవుట్ ఆఫ్ స్టేషన్, డు వన్ థింగ్, కజిన్ బ్రదర్, లక్షలు, కోట్లు, ఇవన్నీ విమానం ఎక్కే ముందు ఒక కాగితం మీద రాసుకుని చూసుకోండి.

ఉచ్చారణలో మనం సరిచేసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, పై పళ్లు కింది పెదవికి తాకే వ (v), రెండు పెదవులు గుండ్రంగా చుట్టే వ (w). తెలుగులో "వెస్ట్" అని రాస్తే అది పడమరో బనియనో చెప్పలేం. ఇంగ్లిష్‌లో అవి రెండు వేరు శబ్దాలు. అద్దం ముందు రోజూ ఐదు నిమిషాలు చాలు. రెండోది, పదంలో ఏ ముక్క మీద ఊనిక పడుతుందో. మనం బనానాలో మూడు అచ్చుల్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో మధ్యది మాత్రమే నిండుగా ఉంటుంది, మొదటిదీ చివరిదీ నలిగిపోతాయి. ఇది మీకు రాకపోతే నేర్పొద్దు, మిమ్మల్ని మీరు హింసించుకోవద్దు.

వాళ్ల భాష గురించి ఒక సాయంత్రం చదివి వెళ్లండి, ఎంతో ఓపిక వస్తుంది. థాయ్, వియత్నామీస్, ఖ్మేర్ భాషల్లో కాలాన్ని బట్టి క్రియ రూపం మారదు. "యస్టర్‌డే ఐ గో" అన్నాడంటే బద్ధకం కాదు, "నిన్న" అని చెప్పేశాక క్రియను మళ్లీ మార్చడం ఎందుకో అతనికి అర్థం కాదు. రష్యన్‌లో ఎ, యాన్, ది లాంటివి లేవు, మనకూ లేవు, అందుకే ఇన్నేళ్లయినా మనం కూడా తప్పులు చేస్తాం. జపనీస్ వాళ్లకు ర, ల ఒకటే శబ్దం. అరబిక్‌లో ప లేదు, పార్కింగ్ బార్కింగ్ అవుతుంది. కొరియన్‌లో ఇంగ్లిష్ ఎఫ్ శబ్దం లేదు, కాఫీ కాపీ అవుతుంది. మన పాతకాలం వాళ్లూ కాపీ అనే అనేవారు. స్పానిష్ వాళ్లు స్కూల్ ముందు ఒక ఎ తగిలించి ఎస్కూల్ అంటారు. మన దగ్గర ఇస్కూలు అన్నవాళ్లను చూసి నవ్విన రోజులు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. థాయ్, వియత్నామీస్ వాళ్లకు పదం చివరి హల్లు నోట్లోనే ఆగిపోతుంది, లైక్, లైట్, లైఫ్ మూడూ ఒకేలా వినిపిస్తాయి. మనది దానికి తిరగబడ్డ రోగం, బస్సు, కారు, రైలు అని చివర ఒక ఉకారం అతికిస్తాం.

స్థాయిలు కలిసిపోయిన క్లాసు మీకు తప్పకుండా ఎదురవుతుంది. అందరికీ ఒకే కథ ఇచ్చి పని మాత్రం మార్చండి. కొందరు ఖాళీలు నింపుతారు, కొందరు కథను తమ మాటల్లో మళ్లీ చెప్తారు. కరెంటు లేని గదిలో నేను ఎక్కువగా వాడేది గోడ డిక్టేషన్. ఆరు వాక్యాలున్న కాగితం గోడకు అంటిస్తాను. జంటలో ఒకరు పరుగెత్తి ఒక వాక్యం చదివి, గుర్తుంచుకుని వచ్చి చెప్తే రెండోవారు రాస్తారు. చదవడం, గుర్తుపెట్టుకోవడం, మాట్లాడటం, వినడం, రాయడం అన్నీ అందులో వచ్చేస్తాయి, నిద్రమత్తు కూడా వదిలిపోతుంది. దుబాసి ఉంటే వాక్య వాక్యానికీ అనువదించనివ్వకండి. ఆట నియమాలకు, ఎంత చెప్పినా ఎక్కని ఒకటి రెండు మాటలకు మాత్రం హాయిగా వాడుకోండి.

పిల్లల క్లాసైతే మీకు దారి తెలుసు. విబిఎస్‌లో యాక్షన్ సాంగ్స్ చేయిస్తారు కదా, మాట విని ఒంటితో చేసి చూపించే ఆ పద్ధతినే జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు 1960లలో భాష నేర్పడానికి వాడి దానికో పేరు పెట్టారు, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని. ఏడెనిమిది నిమిషాలకొకసారి పని మార్చండి, చాలు. పిల్లలతో ఎప్పుడూ ఒంటరిగా గదిలో ఉండొద్దు, ఇంకొక పెద్దవాళ్లు ఉండాల్సిందే. ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయొద్దు, ప్రార్థన గ్రూపుల్లో కూడా పెట్టొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న, దేవుని వాక్యం ఎప్పుడు చెప్పాలి. మీరు, నేను ఒకే విశ్వాసంలో ఉన్నాం కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను. ఇంగ్లిష్ క్లాసు అని పిలిచినప్పుడు ఇంగ్లిషే చెప్పండి. కొన్ని టీముల్లో చూశాను, ముప్పై నిమిషాలు ఇంగ్లిష్ చెప్పి తలుపులు మూసి గంట సువార్త చెప్తారు. వచ్చినవాళ్లు మర్యాద కొద్దీ కూర్చుంటారు, లేచి వెళ్లడానికి మొహమాటపడతారు. మనం దాన్ని ఆసక్తి అనుకుని రిపోర్టులో రాసుకుంటాం. ఒక ఊళ్లో ఇలా జరిగాక మా క్లాసుకి సగం మందే మిగిలారు, వాళ్లు కూడా భుజానికి సంచీ తగిలించుకునే కూర్చున్నారు, ఎప్పుడు లేచిపోవాలో అని. బైబిల్ చదవాలనుకుంటే వేరే గంట పెట్టండి, వేరేగా ప్రకటించండి, ఇష్టమున్నవాళ్లే వస్తారు. ఆ గంటలో కూడా భాష నేర్పొచ్చు. లూకా 15లో తప్పిపోయిన గొర్రె కథ చూడండి, వంద, తొంభై తొమ్మిది, ఒకటి, పోయింది, వెతికాడు, దొరికింది. చిన్న మాటలు, భూతకాలం, ఊహించగల కథ. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం మాత్రం పట్టుకెళ్లొద్దు. "దౌ", "హాత్" నేర్చుకుని వాళ్లు ఎవరితో మాట్లాడతారు? తేలిక ఇంగ్లిష్ అనువాదాలు ఉన్నాయి, అవి తీసుకోండి. ఇంగ్లిష్ క్లాసులో ఎవరైనా "మీరెందుకు వచ్చారు, మీ నమ్మకం ఏంటి" అని అడిగితే దాచకండి, నిజం చెప్పండి, రెండు నిమిషాల్లో చెప్పి పాఠంలోకి రండి.

దీని వెనక చట్టం కూడా ఉంది. చాలా దేశాల్లో టూరిస్ట్ వీసా మీద జీతం లేకుండా పాఠం చెప్పినా పని కిందే లెక్క. మత ప్రచారానికి విడిగా వీసా ఉన్న దేశాలున్నాయి, మన దేశమే విదేశీ మిషనరీలకు వేరే వీసా ఇస్తుంది. నేపాల్ 2017 క్రిమినల్ కోడ్ ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ల వరకు జైలు, విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. మీరు వెళ్లే దేశం నియమాలు ఆ దేశ ఎంబసీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోమని మీ టీమ్ లీడర్‌కి చెప్పండి. "ఎప్పుడూ వెళ్తాం, ఏం కాలేదు" అనే మాట ఒప్పుకోకండి. ఏదైనా జరిగితే మనకు తిరుగు టికెట్ ఉంది. పోలీసులు తర్వాత వెళ్లేది గది ఇచ్చినవాళ్ల ఇంటికి.

మీరు వచ్చేశాక క్లాసు ఎవరు చెప్తారన్న ప్రశ్నకు "ఎవరూ లేరు" అని జవాబొస్తే, క్లాసు ఆపమని నేననను, కానీ మీ పని మారుతుంది. ఇరవై మందికి చెప్పడం కన్నా ఇద్దరిని టీచర్లుగా తయారుచేయడం ముఖ్యమవుతుంది. ఫ్రాంక్ లౌబాక్ అనే మిషనరీ ఫిలిప్పీన్స్‌లోని మిందనావోలో మరనావో ముస్లింల మధ్య పనిచేశారు. ఆయన ముందు వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే చదవడం నేర్పారు. 1930లలో ఆర్థిక మాంద్యం వచ్చి, టీచర్లకు ఇచ్చే డబ్బు ఆగిపోతే, నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఇంకొకరికి నేర్పాలని అక్కడి పెద్ద ఒకరు పట్టుబట్టారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది. గమనించండి, దాన్ని నిలబెట్టింది వచ్చిన మిషనరీ కాదు, ఆ ఊరి పెద్ద.

కాబట్టి మొదటి రోజే కాస్త ఇంగ్లిష్ వచ్చిన ఇద్దర్ని గుర్తుపట్టండి, స్కూల్ టీచర్ అయితే ఇంకా మంచిది. రోజూ క్లాసుకి ముందు అరగంట వాళ్లతో కూర్చుని ఆరోజు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో చెప్పండి. నాలుగో రోజు నుంచి మొదటి పది నిమిషాలు వాళ్లకు వదిలేయండి. చివరి రెండు రోజులు బోర్డు ముందు వాళ్లే నిలబడాలి, మీరు వెనక బెంచీలో కూర్చోవాలి. వాళ్లు తప్పు చెప్పినా లేవొద్దు. ఇది ఏడు లెక్కపెట్టడం కన్నా కష్టం. మీ చీటీలు, చార్టులు, మార్కర్లు, ఆటల పుస్తకం అన్నీ అక్కడే వదిలి రండి.

ముందు ఆ మెయిల్ పెట్టండి. అక్కడి నుంచి జవాబులు రాగానే, ముఖ్యంగా వయసులు, అక్షరాల సంగతి తెలియగానే నాకు రాయండి. మొదటి రోజు గంటన్నరకు ఏం చేయాలో కలిసి కూర్చుని వేసుకుందాం.